నడుముకు చుట్టిన టేపు చెప్పే సంగతి

తిరుపతిలో కుట్టుపని నేర్చుకుంటున్న మహిళలు, పొదుపు సంఘాల సభ్యులు, వారి కుమార్తెలు హాజరైన సమావేశంలో ఒక స్త్రీ వ్యాధుల నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం.

అందరికీ నమస్కారం. మీలో సగం మంది మెడలో టేపు వేసుకునే వచ్చారు. అందుకే నేను తూకం యంత్రం తేలేదు. ముందుగా ఒక్క అంకె చెబుతాను, గుర్తు పెట్టుకోండి. 80 సెంటీమీటర్లు. టేపును తిప్పి చూస్తే ముప్పై ఒకటిన్నర అంగుళాల దగ్గర ఉంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ, ఊపిరి మామూలుగా వదిలాక, టేపును బిగించకుండా చుట్టండి. మన దేశంలో స్త్రీకి ఆ కొలత 80 దాటితే, లోపల హార్మోన్ల లెక్క మారుతోందేమోనని చూసుకోవాలి. జాకెట్టుకు కొలత తీసేటప్పుడు వదులు కలుపుతారు కదా, ఆ వదులు మాత్రం ఇక్కడ కలపకండి.

ఆ అంకె ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర లేదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, మన ఇళ్ళలో ఆడపిల్ల లావు గురించి మాట్లాడినంత మంది ఆమె నెలసరి గురించి మాట్లాడరు. పెళ్ళికి వెళ్తే వరసకు పెద్దమ్మ అయిన ఆవిడ నలుగురి ముందూ "ఏమే, ఇలా ఊరిపోయావు" అంటుంది. మూడు నెలలుగా ఆ పిల్లకు ముట్టు రాలేదన్న సంగతి మాత్రం కన్నతల్లికి కూడా తెలియదు. బయటకు కనిపించేదాన్ని పదే పదే అంటాం, లోపల జరిగేదాన్ని అడగం. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇది నన్ను ఇప్పటికీ బాధ పెడుతుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పీలేరు వైపు నుంచి తల్లి వెంటబెట్టుకొచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల, చున్నీని మెడ చుట్టూ కప్పుకుని కూర్చుంది. చున్నీ తీయించి చూస్తే మెడ వెనక నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా ఉంది చర్మం. దాని మీద గీతలు, ఒరిపిడి గాయాలు. వాళ్ళమ్మ దాన్ని మట్టి అనుకుంది. సున్నిపిండి, పసుపు, నిమ్మచెక్క, చివరికి పీచు పెట్టి రుద్దింది. "శుభ్రంగా స్నానం చేయడం కూడా రాదు" అని తిట్టి మరీ రుద్దిందట. ఆ తల్లిని నేనేమీ అనలేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ నలుపు ఒంటి మీద పేరుకున్న మురికి కాదమ్మా. రక్తంలోని చక్కెరను కండరాల్లోకి పంపే ఇన్సులిన్ అనే హార్మోన్ అవసరానికి మించి తిరుగుతోందని చర్మం ఇస్తున్న కబురు. చంకల్లో, తొడల సందుల్లో కూడా కనిపిస్తుంది. ఎంత రుద్దినా పోదు. లోపల ఇన్సులిన్ తగ్గుతూ వస్తే అదీ మెల్లగా పలచబడుతుంది. ఆ పిల్లకు అప్పటికి ఏడాదిలో నాలుగంటే నాలుగుసార్లే నెలసరి వచ్చింది. మెడ నలుపు, నెలసరి తప్పడం రెండు వేరు వేరు జబ్బులని తల్లీ కూతుళ్ళిద్దరూ అనుకున్నారు. రెండింటి మూలం ఒక్కటే.

అదెలాగో చెప్పాలంటే ముందు కొవ్వు సంగతి చెప్పాలి. చాలాకాలం వైద్యులు కూడా కొవ్వును గాదె అనుకున్నారు. మిగిలిన తిండిని దాచుకునే చోటు, అంతకు మించి ఏమీ లేదనుకున్నారు. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టింది. దాన్ని తయారు చేసేది కొవ్వు కణమే. "ఒంట్లో నిల్వ ఇంత ఉంది" అని మెదడుకు చెప్పడం దాని పని. ఆ నిల్వ కబురు అందితేనే మెదడు అండాశయాలకు పని పురమాయిస్తుంది. మరీ బక్కచిక్కిన పిల్లకు నెలసరి ఆగిపోయేది అందుకే. బిడ్డను మోయడానికి తగిన నిల్వ లేదని మెదడు అనుకుంటుంది. కొవ్వు బాగా పెరిగిన ఒంట్లో లెప్టిన్ ఎక్కువే ఉంటుంది, కానీ మెదడు ఆ కబురును పట్టించుకోవడం తగ్గిస్తుంది. కడుపు నిండినా ఆకలి తీరనట్టే ఉంటుంది. అలాంటి మనిషిని పట్టుకుని "నోరు కట్టుకోలేవా" అనడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఇప్పుడు ఇన్సులిన్. మీ ఇంట్లో వినికిడి తగ్గిన మామగారు ఉన్నారనుకోండి. అన్నానికి పిలవాలంటే మామూలు గొంతు చాలదు, గట్టిగా కేక వేయాలి. ఆ కేకకు పక్కగదిలో నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. బిడ్డ చెవులు బాగానే ఉన్నాయి మరి. పొట్టలో, కాలేయంలో కొవ్వు చేరినప్పుడు కండరాలకూ కాలేయానికీ ఇన్సులిన్ పిలుపు సరిగా వినిపించదు. రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకోవు. దాంతో క్లోమం గొంతు పెంచుతుంది, అంటే ఇన్సులిన్‌ను మరింత ఎక్కువ వదులుతుంది. మామగారికి వినిపిస్తుంది, చక్కెర అదుపులో ఉంటుంది, పరీక్షలో అంకె బాగానే వస్తుంది. కానీ అండాశయానికి ఇన్సులిన్ పిలుపు మొదటి నుంచీ బాగానే వినిపిస్తోంది. ఆ కేకకు అది ఉలిక్కిపడి మగ హార్మోన్లను అవసరానికి మించి తయారు చేస్తుంది. మగ హార్మోన్లు స్త్రీ ఒంట్లో ఎప్పుడూ కొంత ఉంటాయి, అది తప్పు కాదు. ఎక్కువైతేనే చిక్కు. అది చాలదన్నట్టు, ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు కాలేయం ఒక ప్రొటీన్ తయారీని తగ్గించేస్తుంది. ఈ మగ హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీన్ అది. కట్టు విప్పిన దూడల్లా అవి ఒళ్ళంతా తిరుగుతాయి. గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, నడినెత్తిన పలచబడిన జుట్టు వాటివల్లే. అండం ఎదగడం మధ్యలోనే ఆగిపోతుంది. అండం విడుదల కాకపోతే నెలసరి సమయానికి రాదు.

స్కానింగ్ రిపోర్టు చూసి "నీటి బుడగలు" అంటారే, అవి ఇవే. పేరు విని భయపడి "బుడగలు తీసేయండి డాక్టరమ్మా" అని అడుగుతారు. అవి గడ్డలు కావు, తీయాల్సినవీ కావు. సగంలో ఎదుగుదల ఆగిపోయిన అండాల తిత్తులు. షికాగోలో స్టీన్, లెవెంతల్ అనే ఇద్దరు వైద్యులు 1935లో ఏడుగురు స్త్రీలలో ఈ స్థితిని వర్ణించారు. దీన్నే పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, పొట్టిగా పీసీఓఎస్ అంటున్నాం. దీనికి లావు ఒక్కటే కారణం కాదు, వంశంలోనూ వస్తుంది. సన్నగా ఉన్న అమ్మాయిలకూ వస్తుంది. అయితే నడుము చుట్టూ కొవ్వు చేరిన కొద్దీ దాని ఉద్ధృతి పెరుగుతుంది.

సన్నగా ఉన్నవారి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి 2004లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగిన బరువు లెక్క ఒకటుంది, బీఎంఐ అంటారు, కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. అందులో ఇద్దరిదీ ఒకే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఆ ఇంగ్లిషాయనలో 9.1 శాతం, మన ఆయనలో 21.2 శాతం. వాళ్ళు మగవాళ్ళే, కానీ సంగతి మనందరిదీ. మనకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వు పొట్టలోనే చేరుతుంది. అందుకే ప్రపంచమంతా ఈ బీఎంఐ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అంటుంటే, మన దేశంలో వైద్యులు 23కే జాగ్రత్త చెప్పి, 25 దాటితే ఊబకాయంగా లెక్కవేస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 25, అంతకు మించి ఉన్న స్త్రీలు దేశం మొత్తం మీద 24 శాతం. మన ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. ఈ హాల్లో ముగ్గురిలో ఒకరికి పైగా అన్నమాట.

ఇక నలభై దాటిన అక్కయ్యలకు చెప్పాల్సింది ఉంది. కాస్త శ్రద్ధగా వినండి.

కొవ్వు చేసే మరో పని ఏమిటంటే, మగ హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మార్చడం. ఈస్ట్రోజెన్ ప్రతి నెలా గర్భసంచి లోపలి పొరను పెంచుతుంది. అండం విడుదలైతే ప్రొజెస్టిరాన్ అనే రెండో హార్మోన్ వచ్చి ఆ పెరుగుదలను ఆపుతుంది, నెల చివర పొర ఊడి బయటకు పోతుంది. చెరుకు తోటకు నీళ్ళు పెట్టడం ఒకరి పని, కోత కోయడం ఇంకొకరి పని అనుకోండి. అండం విడుదల కాని ఒంట్లో కోత కోసే మనిషి రాడు. కొవ్వు మాత్రం రోజూ నీళ్ళు పెడుతూనే ఉంటుంది. తోట అడ్డూ ఆపూ లేకుండా ఏపుగా పెరిగి, మూడు నాలుగు నెలలకు ఒకసారి విరుచుకు పడుతుంది. పదిహేను, ఇరవై రోజుల పాటు ఆగని రక్తస్రావం అవుతుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగితే ఆ పొరలో క్యాన్సర్ పుట్టవచ్చు. ఊబకాయం ఉన్నవారిలో ఈ క్యాన్సర్ ముప్పు మిగిలినవారి కంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. నెలసరి పూర్తిగా ఆగిపోయాక అండాశయాలు విశ్రాంతి తీసుకుంటాయి, కొవ్వు తీసుకోదు. ఆ వయసులో ఒంటికి ఈస్ట్రోజెన్ ఇచ్చేది ప్రధానంగా కొవ్వే. ఆ వయసు దాటాక వచ్చే రొమ్ము క్యాన్సర్ కూడా లావుగా ఉన్నవారిలో ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

మా పిన్నికి నెలసరి ఆగిపోయిన ఆరేళ్ళకు ఒకరోజు చీర మీద చిన్న మరక కనిపించింది. "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకుంది. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగా ఉన్న నాకు కూడా చెప్పలేదు, సిగ్గు. నేను పండక్కి ఊరెళ్ళినప్పుడు ఆమె పెరట్లో చీర విడిగా ఆరేయడం చూసి అడిగాను. అప్పటికే ఆలస్యమైంది. ఇప్పుడు ఆమె లేదు. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా సరే, ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి. చాలాసార్లు అది ప్రమాదం లేనిదే అయి ఉంటుంది. ప్రమాదమైనదైతే తొలి రోజుల్లో నయమవుతుంది.

దీనికి అటు చివర ఇంకో అన్యాయం జరుగుతోంది. రక్తస్రావం ఎక్కువగా ఉందనగానే ముప్పై అయిదేళ్ళకే గర్భసంచి తీయించుకుని వస్తున్నారు. ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇక దానితో పనేముంది అంటారు. గర్భసంచి తొలగింపులు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగానే అవసరం, నేనే చేశాను. కానీ హార్మోన్ల తేడాతో వచ్చిన రక్తస్రావానికి మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం ఉంది, బరువు తగ్గించుకునే దారి ఉంది. సంచి తీసేస్తే రక్తం ఆగుతుంది, ఇన్సులిన్ కేక ఆగదు. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలకూ గుండెకూ దక్కాల్సిన రక్షణ పదేళ్ళ ముందే పోతుంది. ఆపరేషన్ అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఎందుకు తీస్తున్నారు, తీయకుండా నయం చేసే మార్గం ఏముంది, అండాశయాలు ఉంచుతారా? అడగడం మీ హక్కు.

మరొక పొరపాటు, "ఒళ్ళు నిండుగా ఉంది, రక్తానికేం లోటు" అనుకోవడం. ఇందాక చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. లావుగా ఉన్న మనిషిలోనూ రక్తం తక్కువ ఉంటుంది. నెలల తరబడి కారిపోతుంది, పైగా కొవ్వు ఎక్కువైన ఒంట్లో ఉండే వాపు గుణం వల్ల తిన్న ఐరన్ కూడా సరిగా ఇంకదు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది బరువు వల్లేనని సరిపెట్టుకోకండి, హిమోగ్లోబిన్ చూపించుకోండి.

ఏం చేయాలి అని అడుగుతారు. మీరు ఊహించుకున్నంత బరువు తగ్గనక్కర లేదు, అదే నేను గట్టిగా చెప్పదలచింది. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది. 80 కిలోలు ఉంటే 4 నుంచి 8 కిలోలు. అద్దంలో తేడా కనిపించకపోవచ్చు, పెళ్ళిలో పెద్దమ్మ గుర్తించకపోవచ్చు. అండాశయం గుర్తిస్తుంది. ముందు పొట్టలోని కొవ్వే కరుగుతుంది కాబట్టి తూకం కదలకపోయినా టేపులో తేడా తెలుస్తుంది. పీలేరు అమ్మాయి ఎనిమిది నెలల్లో 5 కిలోలు తగ్గింది. నెలసరి ముప్పై అయిదు రోజుల లోపుకు వచ్చింది. ఆ చున్నీ మెడ మీది నుంచి భుజాల మీదికి దిగింది.

తిండి దగ్గర మన చిత్తూరు సీమను తక్కువ చేయకండి. "రాగి సంకటి తింటున్నాను, అయినా తగ్గడం లేదు" అంటారు. సంకటి మంచిదే, పీచు ఉంది, కాల్షియం ఉంది. కానీ అదీ పిండి పదార్థమే, అందులో అన్నం కూడా కలుస్తుంది. ముద్ద ఎంత ఉందన్నదే లెక్క. చిన్న ముద్ద, దానికి రెట్టింపు ఆకుకూర పప్పు పెట్టుకోండి. చలికాలంలో అనపకాయలు వస్తాయి, పితికిపప్పు మనకు దొరికినంత రుచిగా ఇంకెవరికి దొరుకుతుంది? ఉలవలు, అలసందలు, గుడ్డు, చేప, ఏదైనా సరే, పూటపూటకూ ఒక ప్రొటీన్ ఉండాలి. మన కంచంలో తక్కువయ్యేది అదే. వేరుశెనగ మంచిదే, కానీ వంద గ్రాముల్లో 560 కేలరీలకు పైగా ఉంటాయి కాబట్టి ఊరుబిండి పచ్చడి గిన్నెతో కాకుండా గరిటెతో వేసుకోండి. చక్కెర బదులు బెల్లం వేసుకుంటే ఫర్వాలేదని అనుకోకండి. బెల్లం మన సీమ సరుకే, కానీ ఇన్సులిన్‌కు ఆ తేడా తెలియదు. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు అంటే దాదాపు 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మేలంటోంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు వంటింట్లో ఉంది. ఇంటిల్లిపాదీ తిన్నాక, రాత్రి పదిన్నరకు, గిన్నెలో మిగిలింది పారేయలేక తినేది ఎవరు? పిల్లవాడు వదిలేసిన ముద్ద, భర్త వద్దన్న పెరుగన్నం, అన్నీ మన కంచంలోకే వస్తాయి. అన్నం పారేయకూడదన్న సంస్కారం గొప్పది. దాన్ని మన పొట్టతోనే కాపాడాలని మాత్రం లేదు. ఒక గుప్పెడు బియ్యం తక్కువ పోయండి. ఎనిమిది లోపు అందరితో కలిసి కూర్చుని తినండి. ఇది డాక్టరు చీటీ మీద రాసి ఇస్తాను, కావాలంటే ఇంట్లో చూపించండి.

"రోజంతా ఇంటి పనే కదా, ఇంకా వ్యాయామం ఏమిటి" అంటారు. మీరు అలిసిపోతున్నారు, నిజం. కానీ చాలా ఇళ్ళలో ఆ పని నిలబడి, వంగి, ఆగి ఆగి చేసేది. గుండె వేగం పెరిగేది కాదు. పనిలో ఉన్న కండరం ఇన్సులిన్ పిలుపు కోసం ఎదురుచూడకుండా తానే చక్కెర లాక్కుంటుంది. మామగారు పిలవకుండానే లేచి వచ్చి కూర్చున్నట్టు. క్లోమానికి కేకలు వేసే పని తప్పుతుంది. వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు, వేగంగా నడవండి. కుట్టు మిషను ముందు కూర్చునేవాళ్ళు గంటకొకసారి లేచి, కుర్చీ పట్టుకుని పదిసార్లు కూర్చుని లేవండి. ఆ అరగంట మీకు దొరకాలంటే ఇంట్లో ఇంకొకరు పొయ్యి దగ్గర నిలబడాలి. అది అడిగి తీసుకోండి. శ్రీసిటీ ఫ్యాక్టరీల వైపు రాత్రి షిఫ్టులకు వెళ్ళే అమ్మాయిలు పగటి నిద్రకు గది చీకటి చేసుకోండి. నిద్ర చాలకపోతే ఆకలి హార్మోన్ పెరుగుతుంది, నెలసరి కూడా తారుమారవుతుంది.

మందుల షాపులో నెలసరి రప్పించే మాత్రలు పదే పదే కొనుక్కోకండి. థైరాయిడ్ జబ్బు లేకుండా థైరాయిడ్ మాత్ర వేసుకుని బరువు తగ్గాలని చూడకండి, గుండె లయ తప్పుతుంది. థైరాయిడ్ నిజంగానే తక్కువగా ఉన్నా దానివల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. నెలసరి మొదలై మూడేళ్ళు దాటాక ఏడాదికి ఎనిమిది కంటే తక్కువసార్లు వచ్చినా, ఎప్పుడైనా మూడు నెలలు రాకపోయినా చూపించుకోండి. గర్భంతో ఉన్నప్పుడు చక్కెర వచ్చి, కాన్పయ్యాక పోయినవాళ్ళు ఆరు నుంచి పన్నెండు వారాల్లో మళ్ళీ పరీక్ష చేయించుకోండి. బిడ్డ సంబరంలో దీన్ని ఎక్కువ మంది మరిచిపోతున్నారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

ఆ వెనక వరుసలో పాప అడిగింది, "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయంటున్నారు, నిజమేనా" అని. కాదు తల్లీ. పెళ్ళికీ అండాశయానికీ సంబంధం లేదు. వైద్యం ఇప్పుడే మొదలు పెట్టు. పీసీఓఎస్ ఉన్న వాళ్ళకు పిల్లలు పుట్టరన్నదీ అబద్ధమే, ఎక్కువ మందికి పుడతారు. కొందరికి కాస్త సాయం కావాలి.

చివరి ప్రశ్న ఇక్కడ అక్కయ్యది. "92 కిలోలున్నాను, మోకాళ్ళు నొప్పి, కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాను, ఎక్కవచ్చా?" అలిపిరి నుంచి 3,550 మెట్లు ఉన్నాయమ్మా. ఈ నెలే వద్దు. ముందు బీపీ, చక్కెర, హిమోగ్లోబిన్ చూపించుకోండి. మూడు నెలలు చదును నేల మీద నడిచి, తొడ కండరాలను గట్టిపరచుకోండి. ఆ తర్వాత తెల్లవారుజామున మొదలుపెట్టి, ఆగుతూ ఆగుతూ ఎక్కండి. మోకాళ్ళ మీద ఎక్కువ భారం పడేది దిగేటప్పుడు. దర్శనం చేసుకుని, దిగడానికి బస్సు ఎక్కండి.